మా అక్క డెలివరీ అయింది సార్

కోరుట్లల సాయన్న ఇల్లు ఏడ అంటే ఎవ్వలన్నా చెప్తరు. సాయన్న ఎయిర్‌పోర్టు ఏడ అంటే ఇంకా జల్ది చెప్తరు.

ఎయిర్‌పోర్టంటే విమానాలు గిమానాలు ఏం లెవ్వు, ఆయన ఇంటి వాకిలే. కొత్తగ గల్ఫుకు పోయేటోళ్ళను గా వాకిట్ల నిలవెట్టి లైన్ల ఎట్ల నిలవడాలె, బెల్టు ఎప్పుడు ఇప్పాలె, ఆఫీసరు దిక్కు ఎట్ల జూడాలె అని నేర్పేటోడు. దర్వాజ చౌకట్టు మెటల్ మెషిను. బియ్యం చెరిగే చాట ట్రే. పెండ్లాం ఐలమ్మ కుట్టుమిషను ఇమిగ్రేషన్ కౌంటరు. సాయన్న దాని ఎనుక కూసోని, అద్దాలు ముక్కు మీదికి దింపి, "ఎందుకు పోతున్నవ్?" అని గద్దిస్తే ఎసొంటి మొగోనికైనా చెమటలు పట్టేటియి. జవాబు సక్కగ జెప్తే పిడికిలితోని మిషను మీద దబ్బున గుద్దేటోడు. అది ముద్ర అన్నట్టు. గా ముద్రలకు రెండుసార్లు సూది ఇరిగింది, ఐలమ్మ వాడకట్టంత ఇనేటట్టు లొల్లి వెట్టింది, అయినా ఎయిర్‌పోర్టు బంద్ గాలే.

ఆయనకు గంత అధికారం ఎట్లొచ్చిందంటే, ఏడుసార్లు పోయొచ్చిన మనిషి. బొంబాయి నుంచి పోయిండు, బేగంపేట నుంచి పోయిండు, శంషాబాద్ నుంచి పోయిండు. ఇరవై రెండేండ్లు మస్కట్ల షట్టరింగ్ పని జేసిండు. ఏడుసార్లల్ల మూడుసార్లు విజిట్ వీసా మీదనే పోయిండు. గప్పటి ఏజెంట్లు గట్లనే తోలేటోళ్ళు. కాయితం మీద చుట్టాలను జూడవోవుడు, దిగినంక పలుగూ పారా. మరి ఇక్కడి ఆఫీసరు ఊకుంటడా? పాస్‌పోర్టు జూస్తడు, కాయలు గాసిన చేతులు జూస్తడు, "ఎవ్వలను జూడవోతున్నవ్?" అంటడు. నీళ్ళు నమిలినోడు మళ్ళ బస్సెక్కి ఇంటికే.

గందుకే సాయన్న ఒక పాఠం తయారు జేసిండు. సెలవు మీద ఇంటికొచ్చినప్పుడల్ల, ఏండ్ల తరబడి దాన్ని సదిరి సదిరి, ఒక్క అక్షరం ఎక్కువ తక్కువ గాకుండ జేసిండు.

"మా అక్క డెలివరీ అయింది సార్. పాపను జూసి ఇరవై దినాలల్ల వాపస్ వస్త సార్. రిటర్న్ టికెట్ ఉన్నది సార్."

మొదటి సారుకు ఆఫీసరు కండ్లల్లకు జూడాలె. రెండో సారుకు కొంచెం నవ్వాలె, పండ్లు గనవడొద్దు. మూడో సారుకు టికెట్ జూపెట్టాలె. అక్కనే ఎందుకని ఎవ్వలన్నా అడిగితే, "పురిటి ఇంటికి పోయేటోన్ని ఆపితే పాపమని ఎసొంటి ఆఫీసరుకైనా లోపల ఉంటదిరా" అనేటోడు.

కోరుట్ల పోరలే గాదు, మల్లాపూర్ నుంచి వచ్చేటోళ్ళు, ఎల్లంతకుంట నుంచి వచ్చేటోళ్ళు. సిరిసిల్లల మరమగ్గాల సాంచాలు బందైన యాడాది నేతపనోళ్ళు ఒక ఆటో మాట్లాడుకోని గుంపుగ దిగిండ్రు. అండ్ల మార్కండేయులు అని ఒకాయన, పాపం నిజాయితీ మనిషి, "సాయన్నా, నాకు అక్కలు లేరు గదనే" అన్నడు.

"లేకుంటే ఇయ్యాల్టి సంది ఉన్నదనుకో. అక్క ఉంటే నీకేమన్న నష్టమా?"

వారానికి మస్కట్ నుంచి ఫోనొచ్చింది. "సాయన్నా, అక్క పుణ్యాన ఒడ్డెక్కిన" అని మార్కండేయులు ఏడ్సుకుంట జెప్పిండు. సాయన్న గా ముచ్చట నెలరోజులు చాయ్ హోటల్ల చెప్పుకున్నడు.

ఇంతమందితోని అబద్ధం జెప్పిచ్చిన సాయన్నకు, నిజం జెప్పి విమానం ఎక్కే రోజు ఒకటొచ్చింది.

ఆయనకు ఒక్కతే బిడ్డ, స్వప్న. అల్లుడు సాగర్ మస్కట్లనే ఒక ఆఫీసుల కంప్యూటర్ పని జేస్తడు. మొదటి కాన్పు తల్లిగారింట్ల గావాలె గని, బీపీ ఉన్నది విమానం ఎక్కొద్దని అక్కడి డాక్టరమ్మ ఖరాఖండిగ జెప్పింది. "ఆమె రాకుంటే ఏందే, మనమే పోదాం" అన్నడు సాయన్న. అనుడే ఆలస్యం, సాగర్ ఇద్దరికి వీసాలు, టికెట్లు పంపిండు.

సాయన్నకు గీ కాన్పు మీద గంత పానమెందుకంటే, దాని ఎనుక ఒక ముచ్చటున్నది. స్వప్న పుట్టినప్పుడు ఆయన మస్కట్ క్యాంపుల ఉన్నడు. బిడ్డ పుట్టిందని రాసిన ఉత్తరం ఇరవై దినాలకు అందింది. బిడ్డను కండ్లార జూసింది మూడేండ్లు దాటినంక. సూట్‌కేస్ దించి, ఎత్తుకుందామని రెండు చేతులు జాపితే గా పోరి ఐలమ్మ కొంగు ఎనుక దాక్కోని, "అవ్వా, గీ మామ ఎప్పుడు పోతడే?" అనడిగింది. ఇంట్లున్నోళ్ళంత పడి పడి నవ్విండ్రు. సాయన్న గూడ నవ్విండు. నవ్వి, దొడ్లెకు పోయి, కాళ్ళు కడుక్కుంటున్నట్టు జేసి ఏడ్చిండు. గా మాట ఆయనకు ఇరవై ఐదేండ్లైనా అరగలే. గందుకే ఈసారి ఒక్కటే పట్టు వట్టిండు. కాన్పు గది బయట తనుండాలె. పాపను బయటికి తేంగనే జూడాలె.

నెల దినాల ముందుగాల్నే ఐలమ్మకు ట్రైనింగ్ మొదలువెట్టిండు. కుట్టుమిషను ఎనుక కూసోని అద్దాలు దింపిండు.

"ఎందుకు పోతున్నవ్?"

"తెల్వనట్టు అడుగుతవేందయ్యా?"

"నేను సాయన్నను గాదే, ఆఫీసర్ను!"

"ఆఫీసరువైతే చినిగిన బనీన్ మీద కూసుంటవా?"

"పాఠం జెప్పే."

"నాకు పాఠమెందుకు? నా బిడ్డ కాన్పుకు పోతున్న. అడిగితే గదే జెప్త."

"ఓసి పిచ్చిదానా, నిజం జెప్పనీకి గూడ ఒక పద్ధతుంటది. ఎట్లవడితే అట్ల జెప్తే అబద్ధమనుకుంటరు" అని సాయన్న తల గొట్టుకున్నడు. ఐలమ్మ చాట గుంజుకోని బియ్యం చెరగవోయింది.

తన పాఠాన్ని మాత్రం సాయన్న మార్చుకున్నడు. అక్కను తీసేసి బిడ్డను వెట్టిండు. "మా బిడ్డ డెలివరీ ఉన్నది సార్. పాపను జూసి ఇరవై దినాలల్ల వాపస్ వస్త సార్. రిటర్న్ టికెట్ ఉన్నది సార్." మిగతాదంత సేమ్ టు సేమ్. ఇన్నేండ్లు ఇంతమందిని ఒడ్డుకు చేర్చిన మాటను ఎందుకు పాడుజేసుకోవాలె అనుకున్నడు.

పోయే దినం రానే వచ్చింది. పగటీలి నాలుగింటి విమానానికి పొద్దుగాల ఐదింటికే కారెక్కిచ్చిండు. జగిత్యాల దాటకముందే మూడుసార్లు పాస్‌పోర్టులు తీసి జూసిండు. జగిత్యాల బస్టాండు కాడ చాయ్ తాగుదామని ఐలమ్మ అంటే, "ఎయిర్‌పోర్టుల ఒంటేలుకు వోవుడు కష్టం" అని కారు ఆపనియ్యలే. అంగి జేబుల నాలుగు పెన్నులు వెట్టుకున్నడు. ఇమిగ్రేషన్ కాడ ఒక కాయితం నింపాలెనట, పెన్ను లేక లైన్ల ఆగమైనోళ్ళను ఆయన కండ్లతోని జూసిండట.

తీరా శంషాబాద్ల దిగి, గేటు కాడ తుపాకి వట్టుకోని నిలవడ్డ జవానును "గా కాయితం ఏడిస్తరు సార్?" అని హిందీల అడిగితే, ఆయన "అది ఎప్పుడో తీసేసిండ్రు చాచా" అన్నడు. ఐలమ్మ నాలుగు పెన్నుల దిక్కు జూసింది, ఏమనలే. ఏమనకపోవుడే సాయన్నకు ఎక్కువ కోపం తెప్పిచ్చింది.

లోపలికి వోతే కౌంటర్ల బోర్డింగ్ కాయితం ఇయ్యరట. నిలువెత్తు టీవీ లెక్క ఒక మిషనున్నది, దాని ముందల నిలవడి ఎవ్వలది వాళ్ళే కొట్టుకోవాల్నట. సాయన్న దాన్ని వేలితోని పొడిసిండు. రెండు వేళ్ళతోని పొడిసిండు. పక్కన తట్టిండు. అది ఇంగ్లీషుల ఏదో అని మళ్ళ మొదటికి వోయింది. ఎనుక నిలవడ్డ ఒక కాలేజీ పోరి "ఇటివ్వండి ఆంటీ" అని ఐలమ్మ పాస్‌పోర్టు తీస్కోని రెండు నిమిషాలల్ల ఇద్దరి కాయితాలు తీసిచ్చింది.

"ఏడుసార్లు పోయొచ్చినవ్ గదయ్యా" అన్నది ఐలమ్మ.

"గప్పుడు మనుషులుండేటోళ్ళే" అన్నడు సాయన్న.

సామాను కాడ ఇంకో పంచాయితి. బ్యాగు కిలోన్నర ఎక్కువున్నది. కౌంటర్ల పిల్ల మెత్తగ నవ్వుకుంట, తియ్యాల్సిందే అన్నది. బ్యాగుల ఏమున్నయంటే బాలింతకు శొంఠి, వాము, కాయం ఉండలు, పసిపిల్లకు చుట్టనీకి ఐలమ్మ కట్టి కట్టి మెత్తవడ్డ పాత నూలు చీరెలు. అవి తీస్తదా ఐలమ్మ? సాయన్న అంగీలు రెండు, లాగు ఒకటి, స్వెట్టరు తీసింది. "ఏడవెట్టాలె మరి?" అంటే, "ఒంటి మీద జాగ లేదా?" అని అక్కడనే ఆయనకు తొడిగిచ్చింది. అంగి మీద అంగి, దాని మీద ఇంకో అంగి, పైన స్వెట్టరు. లాగును మాత్రం మెడల తువ్వాలోలె ఏసుకున్నడు. ఇజ్జత్ పోయిందని గొణుక్కుంట నడిచిండు.

గప్పుడే సాగర్ ఫోన్ జేసిండు.

"మామా, పొద్దుగాల సంది నొప్పులొస్తున్నయి. దవాఖానకు తీస్కచ్చిన. మీరు పరేషాన్ గాకుండ్రి, రాత్రి దాక వట్టొచ్చు అన్నది డాక్టరు."

ఐలమ్మ చేతులు జోడిచ్చి ఎములాడ రాజన్నకు మొక్కింది. సాయన్న వేళ్ళ మీద లెక్క వెట్టిండు. నాలుగింటికి విమానం లేస్తే మూడున్నర గంటలు, అక్కడ గడియారం గంటన్నర ఎనుకకు, దిగి కారెక్కి దవాఖానకు పోయేసరికి ఏడు. "రాత్రి దాక అన్నడు గదా? అందుకుంటనే, అందుకుంట" అని ఇమిగ్రేషన్ దిక్కు ఉరికిండు.

లైను పాములెక్క తిరిగి తిరిగి వోతున్నది. గంటసేపు నిలవడితే పక్కపక్క కౌంటర్లే దొరికినయి. ఐలమ్మకు ఒక ఆడాఫీసరు, సాయన్నకు ఒక కుర్ర ఆఫీసరు. సాయన్న ఒక చెవి ఐలమ్మ దిక్కే వెట్టిండు, పాఠం రాని మనిషాయె.

"ఎందుకు వెళ్తున్నారమ్మా?" అనడిగింది ఆ ఆఫీసరమ్మ.

"మా స్వప్న కాన్పుకు బిడ్డా. పొద్దుగాల్నే నొప్పులు మొదలైనయట, బీపీ ఉన్నదట, నాకు కాళ్ళు చేతులు ఆడుతలెవ్వు. మొదటి కాన్పాయె. నీకు పిల్లలా బిడ్డా?"

"ఒక బాబమ్మా."

"సుఖ కాన్పేనా?"

"ఆపరేషనమ్మా."

"అయ్యో! మరి గిట్ల పొద్దంత కుర్చీల కూసుంటే నడుము నొస్తలేదా తల్లీ?"

ఆఫీసరమ్మ నవ్వి, "నొస్తదమ్మా" అని టక్కున ముద్ర కొట్టింది. ఐలమ్మ అటు దిక్కు వడ్డది. అంతసేపు వట్టలే.

ఇక్కడ కుర్ర ఆఫీసరు సాయన్న పాస్‌పోర్టు తిప్పుతున్నడు. "ఎందుకు వెళ్తున్నారు?"

సాయన్న గుండె నిండ గాలి వీల్చుకున్నడు. కండ్లల్లకు జూసిండు. "మా బిడ్డ డెలివరీ ఉన్నది సార్. పాపను జూసి ఇరవై దినాలల్ల వాపస్ వస్త సార్." నవ్విండు, పండ్లు గనవడలే. "రిటర్న్ టికెట్ ఉన్నది సార్."

ఆఫీసరు చెయ్యి ఆగింది. "మళ్ళీ చెప్పండి."

సాయన్న మళ్ళ జెప్పిండు. అవే మాటలు, అదే నవ్వు, అక్కడనే టికెట్. మూడు అంగీల కింద చెమట కారి స్వెట్టరు తడిసింది, నొసలు మీద చుక్కలు నిలవడ్డయి. ఆఫీసరు ఆయన మెడల లాగు దిక్కు జూసిండు.

"ఇంతకుముందు ఎప్పుడైనా వెళ్ళారా?"

నోరు ఎంత చెడ్డదో సూడుండ్రి. ఇరవై ఏండ్లు వాకిట్ల పోరలకు ఒకటే నేర్పిండాయె: పాత ముచ్చట అడిగితే లేదు అనాలె. బుర్ర ఆలోచన జేసేలోపట్నే నోరు, "లేదు సార్, గిదే మొదటిసారి" అనేసింది.

ఆఫీసరు కంప్యూటర్ దిక్కు జూసిండు. "ఏడుసార్లు వెళ్ళినట్టుంది కదండీ."

"గప్పుడు పోయింది నేనే సార్. గని గప్పుడు పనికి పోయిన సార్. అంటే, కాయితం మీద విజిట్‌కే పోయిన. గిప్పుడు నిజంగ విజిట్ సార్."

ఇంత జెప్పినంక ఏ ఆఫీసరు పంపుతడు? "పక్కకు రండి" అన్నడు. అన్నీ తెలిసినమ్మ అమాస నాడు సస్తే, ఏమీ తెల్వనమ్మ ఏకాదశి నాడు సచ్చిందన్నట్టు, పాఠం రాని ఐలమ్మ అటుదిక్కు నిలవడి రమ్మని చేతులూపుతున్నది, పాఠం రాసిన పంతులు ఇటుదిక్కు గదిలెకు నడుస్తున్నడు. "నువ్వు వో, గేటు కాడుండు, నేనొస్త" అని ఒర్రిండు. ఐలమ్మకు ఇనవడ్డదో లేదో తెల్వది.

గదిల ఇనుప కుర్చీలు నాలుగు, టేబుల్ ఒకటి. టేబుల్ ఎనుక పెద్దాఫీసరు, తల నెరిసిన మనిషి, కాయితం గిలాసల చాయ్ తాగుతున్నడు. గోడ గడియారం మూడు గావస్తున్నది. మూడున్నరకు విమానం తలుపులు వెడ్తరని బోర్డింగ్ కాయితం మీద ఉన్నది.

"చెప్పు పెద్దాయనా, ఎందుకు వెళ్తున్నావ్?"

భయంతోని సాయన్నకు బుగులైంది. బుగులైతే మనిషికి వచ్చిందే నోట్లెకొస్తది. "మా బిడ్డ డెలివరీ ఉన్నది సార్. పాపను జూసి..."

"ఇరవై దినాలల్ల వాపస్ వస్త సార్" అన్నడు పెద్దాఫీసరు, గిలాస కిందవెట్టకుండనే. "రిటర్న్ టికెట్ ఉన్నది సార్."

అదే రాగం, అదే ఆపుడు. సాయన్న నోరు తెరుచుకోని అట్లనే నిలవడ్డడు.

"కోరుట్లా, మల్లాపూరా?"

"కోరుట్ల సార్."

"అనుకున్నా. ఎయిర్‌పోర్టు బేగంపేటలో ఉన్నప్పటి నుంచి ఉన్నానయ్యా ఈ ఉద్యోగంలో. ఈ పాఠం నాకు నిద్రలో లేపి అడిగినా వస్తుంది. అప్పుడు అక్క ఉండేది, ఇప్పుడు బిడ్డ అయిందన్నమాట. ఒకరోజు ఒకే విమానానికి పదకొండు మంది అక్కలు డెలివరీ అయ్యారు. పదకొండు మందికీ పాపలే! ఒక్కళ్ళకి బాబు పుట్టలేదు." గిలాస టేబుల్ మీద వెట్టిండు. "ఎవడు రాశాడో గానీ, వాడు దొరికితే..."

చెప్తే నమ్మరు గని, గంత బుగుల్ల గూడ సాయన్న ఛాతి అర ఇంచు ఉబ్బింది. కుట్టుమిషను ఎనుక కూసోని అల్లిన మాట ఇంత పెద్ద ఆఫీసరుకు నోటికొచ్చిందాయె! మరుక్షణం గడియారం గనవడ్డది, ఛాతి మళ్ళ దిగింది. ఇగ దాచి లాభంలేదు అనుకున్నడు.

"నేనే రాసిన సార్."

"ఏమిటి?"

"గా పాఠం నేనే రాసిన సార్. మా ఇంటి వాకిట్ల అందరికి నేనే నేర్పిన. నాకు అక్క లేదు సార్. ఎన్నడు లేదు. గని బిడ్డున్నది. దేవుని తోడు, బిడ్డున్నది."

పెద్దాఫీసరు అద్దాలు తీసిండు. నవ్వాల్నా తిట్టాల్నా సమజ్ గానట్టు జూసిండు. "ఇప్పుడు నీ బిడ్డ నిజమని నేనెట్లా నమ్మాలి? నమ్మకుండా చేసింది నువ్వే కదయ్యా."

సాయన్న కుర్చీల కూలవడ్డడు. పాఠం లేకుండ ఆఫీసరు ముందల మాట్లాడుడు ఆయనకు పుట్టి బుద్ధెరిగినంక అదే మొదలు. మాటలు ముందు ఎనుక అయి బయటికొచ్చినయి. "నా బిడ్డ పుట్టినప్పుడు నేను లేను సార్. గాడ క్యాంపుల ఉన్న. మూడేండ్లకు జూసిన. నన్ను జూసి మామ అన్నది. గీ మామ ఎప్పుడు పోతడని అడిగింది సార్. ఇయ్యాల పొద్దుగాల దానికి నొప్పులొచ్చినయి. ఈసారి ఉంట అనుకున్న. ఇంగో మీరు గిట్ల కూసోవెట్టిండ్రు. మీ తప్పేం లేదు, నా నోరే నన్ను వట్టిచ్చింది. గని ఈసారి ఉండాల్నని ఉండె సార్."

పెద్దాఫీసరు పాస్‌పోర్టు ముందల వేసుకోని, "అల్లుడి నంబరుందా? వీడియో కాల్ చెయ్" అన్నడు.

సాయన్న కొట్టిండు. మోగింది, మోగింది, ఆగిపోయింది. మళ్ళ కొట్టిండు. మళ్ళ అట్లనే. మూడోసారి కొడుతుంటే పెద్దాఫీసరు, "ఆగు, కాసేపు చూద్దాం" అని ఫోను తన ముందల టేబుల్ మీద వెట్టిచ్చుకున్నడు. మూడు దాటి పది నిమిషాలు. గడియారంల ముల్లు నడుస్తున్న చప్పుడు ఎన్నడు ఇననోడు గప్పుడు ఇన్నడు. మూడు దాటి పదిహేను. ఇగ విమానం పోయినట్టే, ఐలమ్మ ఒక్కతి ఎక్కుతదో లేదో, ఎక్కితే ఒక్కతి ఎట్ల దిగుతదో అని సాయన్న తలుపు దిక్కే జూసుకుంట కూసున్నడు.

ఫోను మోగింది. పెద్దాఫీసరు వేలితోని దాన్ని జరిపి, మొఖం ముందల వట్టుకున్నడు.

"మామా! మామా, పాప! పాప పుట్టిందే! పావుగంటైంది, ఫోన్ లోపలికి తేనియ్యలే. స్వప్న మంచిగున్నది, ఇగో పాపను జూడు!" అని సాగర్ ఒక్క ఊపిరిల జెప్పి, ఫోను పాప మీదికి తిప్పిండు. తర్వాత గని జూసుకోలే, అటుదిక్కు మామ లేడని. "మీరు... మీరెవ్వలు సార్?"

"ఇమిగ్రేషన్" అన్నడు పెద్దాఫీసరు.

అటుదిక్కు సాగర్ గొంతు పడిపోయింది. పెద్దాఫీసరు మాత్రం ఫోను దించలే. తెల్ల బట్టల చుట్టి, కండ్లు మూసుకోని, పిడికిళ్ళు బిగవట్టి, లోకమంత తనకు బాకీ ఉన్నట్టు కోపంగ ఉన్నది పాప. ఆయన దాన్ని రెండు క్షణాలు జూసిండు, మూడు క్షణాలు జూసిండు. అద్దాలు వెట్టుకోని మళ్ళ జూసిండు. అప్పుడు ఫోను నిమ్మలంగ సాయన్న దిక్కు తిప్పిండు.

"చూడు. నీ మనవరాలు."

సాయన్న జూసిండు.

పెద్దాఫీసరు పాస్‌పోర్టు తెరిచి ముద్ర చేతిలెకు తీస్కున్నడు. "రూల్ ప్రకారం అడగాలి కాబట్టి అడుగుతున్నా. ఎందుకు వెళ్తున్నావ్?"

సాయన్న నోరు తెరిచిండు. ఇరవై ఏండ్లు ఊరూరికి నేర్పిన పాఠంల ఒక్క ముక్క గుర్తుకు రాలే. బిడ్డ లేదు, వాపస్ లేదు, టికెట్ లేదు, ఒక్క సారు గూడ రాలే. వేలుతోని ఫోను జూపెట్టిండు. గట్లనే జూపెట్టుకుంట ఏడ్చిండు, చిన్నపిల్లగానోలె ఎక్కెక్కి ఏడ్చిండు.

దబ్బున ముద్ర వడ్డది. "పరుగెత్తు" అన్నడు పెద్దాఫీసరు.

సెక్యూరిటీ కాడ సాయన్న బెల్టు ఇప్పాలన్నది మర్చిపోయిండు. మెషిను కూసింది. బెల్టు ఇప్పినంక జేబుల నాలుగు పెన్నులున్నయని మళ్ళ ఎనుకకు పంపిండ్రు. ఒక్కొక్క అంగి ఇడిసి ట్రేల ఏస్తుంటే జవాన్లు, "ఇంకెన్నున్నయి చాచా?" అని నవ్విండ్రు. ఆయన గూడ నవ్విండు. చెప్పులు చేతుల వట్టుకోని, ఇడిసిన బట్టలు సంకల ఇరికిచ్చుకోని, బెల్టు మెడల ఏసుకోని ఉరికిండు. ఎయిర్‌పోర్టుల ఎవ్వలు ఉరుకొద్దు, ఉరికితే అనుమానమొస్తదని వాకిట్ల నేర్పినోడు, దుకాణాల నడుమ నుంచి, సెంటు వాసనల నడుమ నుంచి, "జరుగుండ్రి, జరుగుండ్రి" అని ఒర్రుకుంట ఉరికిండు.

గేటు కాడ లైను అయిపోవచ్చింది. ఐలమ్మ ఒక్కతి నిలవడి, కాయితాలు అడిగే పిల్లతోని, "మా ఆయన రాందే నేనెక్క బిడ్డా, నువ్వేమన్న జేస్కో" అని కొట్లాడుతున్నది. సాయన్నను జూసి, అంగి గుండీలు వెట్టని ఆయన అవతారం జూసి, గుండె మీద చెయ్యి వెట్టుకున్నది.

"ఏం జేసిండ్రయ్యా నిన్ను? కొట్టిండ్రా?"

"మనుమరాలు పుట్టిందే."

ఐలమ్మ అక్కడనే నేల మీద కూలవడి, "స్వప్న? నా స్వప్న ఎట్లున్నది?" అన్నది.

"మంచిగున్నదట. సాగర్ జెప్పిండు."

"పాపను నువ్వు జూసినవా?"

"జూసిన."

గేటు కాడి పిల్ల "సార్, ప్లీజ్, టైమైపోయింది" అంటున్నది. సాయన్న ఐలమ్మ రెక్క వట్టి లేపిండు. చెప్పకుండ ఉండలేకపోయిండు.

"కాన్పు గది బయట ఉండలేకపోయిన. నర్సులు జూసిండ్రు, అల్లుడు జూసిండు, గా ఇమిగ్రేషనాయన జూసిండు. నాది నాలుగో నంబరు" అన్నడు, నవ్వుకుంట కండ్లు తుడుచుకుంట. "అయినా మూడేండ్లు గాదే ఐలవ్వా. అరగంట గూడ గాలే."